జబ్బు ఒకరికి, పథ్యం ఇంటిల్లిపాదికీ

1950ల మధ్యలో లండన్ మానసిక ఆసుపత్రుల నుంచి రోగులు పెద్ద సంఖ్యలో ఇళ్లకు వెళ్లడం మొదలైంది. క్లోర్‌ప్రొమజైన్ అనే కొత్త మందు అప్పుడప్పుడే వాడకంలోకి వస్తోంది. ఏళ్ల తరబడి వార్డుల్లోనే ఉండిపోయినవాళ్లు మూటాముల్లె సర్దుకుని బయటికి నడిచారు. వాళ్లలో కొందరు నిలదొక్కుకున్నారు. మరికొందరు కొన్ని నెలలకే మళ్లీ అదే వార్డుకు వచ్చి చేరారు. ఈ తేడా ఎందుకొచ్చిందో కనుక్కునే పని జార్జ్ బ్రౌన్ అనే యువ సామాజిక శాస్త్రవేత్త చేతిలో పడింది. ఆయన బృందం రెండేళ్లకు పైగా ఆసుపత్రిలో ఉండి ఇంటికి వెళ్లిన 229 మంది మగ రోగుల వివరాలు సేకరించి, 1958లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది.

తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్లకన్నా, అద్దె గదిలో దిగినవాళ్లు, అన్నదమ్ముల ఇంటికో అక్కచెల్లెళ్ల ఇంటికో చేరినవాళ్లు మెరుగ్గా ఉన్నారని అందులో తేలింది. తల్లి దగ్గర ఉన్నవాళ్లలో కూడా, తల్లో కొడుకో పగలు పనికి బయటికి వెళ్లే ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం తక్కువగా ఉంది. కన్నతల్లి నీడలో కోలుకోవలసిన మనిషి, ముక్కూమొహం తెలియని ఇంటావిడ అద్దె గదిలో ఎక్కువగా కోలుకుంటున్నాడంటే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ఆ రోజుల్లో దీనికి ఒక సిద్ధమైన జవాబు ఉండేది, అదీ తప్పుడు జవాబు. స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక జబ్బుకు తల్లి పెంపకమే మూలమని మనోవిశ్లేషకులు చాలామంది నమ్మేవారు. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ ఇలాంటి తల్లులకు ఒక పేరే పెట్టారు: ‘స్కిజోఫ్రెనోజెనిక్ మదర్’, అంటే బిడ్డకు స్కిజోఫ్రెనియా తెప్పించే తల్లి. 1956లో గ్రెగరీ బేట్సన్ బృందం మరో సిద్ధాంతం తెచ్చింది. నోటితో ఒకటి చెప్పి, తీరుతో దానికి విరుద్ధమైనది చూపే ఇంట్లో పిల్లల బుద్ధి చెదిరిపోతుందని ఆ సిద్ధాంతం సారాంశం. రెండు దశాబ్దాల పాటు, జబ్బు చేసిన బిడ్డను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లిన తల్లులు ముద్దాయిల్లా తిరిగివచ్చారు.

ఆ నింద నిలవలేదు. 1966లో లెనార్డ్ హెస్టన్ అమెరికాలో చేసిన అధ్యయనం దాన్ని గట్టిగా కదిలించింది. స్కిజోఫ్రెనియా ఉన్న తల్లులకు పుట్టి, పుట్టిన మూడు రోజుల్లోపే తల్లికి దూరమై వేరేచోట పెరిగిన 47 మందిని ఆయన పరిశీలించాడు. వారిలో అయిదుగురికి ఆ జబ్బు వచ్చింది. అలాగే తల్లికి దూరంగా పెరిగినా, తల్లికి ఆ జబ్బు లేని 50 మందిలో ఒక్కరికీ రాలేదు. పెంచిన చేతుల్లో లేని కారణం పుట్టుకలో ఉందన్నమాట. ఆ తర్వాత కవలల మీద జరిగిన పరిశోధనలూ జన్యువుల పాత్రను బలపరిచాయి. ఈ జబ్బును తల్లి తేలేదు, భార్య తేలేదు. దీనిమీద ఇప్పుడు శాస్త్రానికి సందేహం లేదు.

మరి బ్రౌన్ చూసిన తేడా సంగతి? అది అబద్ధం కాదు. జబ్బు ఎందుకు పుట్టిందన్నది ఒక ప్రశ్న, పుట్టిన జబ్బు ఎలా నడుస్తుందన్నది మరొకటి. ఉబ్బసం ఉన్న పిల్లవాడికి వంటింటి పొగలో ఆయాసం ఎక్కువవుతుంది. అంతమాత్రాన పొయ్యి ముందు కూర్చుని వండుతున్న మనిషిని దోషి అనం, పొగ పోయే దారి చూస్తాం. బ్రౌన్, ఆయన తర్వాత వచ్చినవాళ్లు వెతికింది ఆ పొగ ఏమిటన్నదే.

మాటలో కాదు, గొంతులో

ఇంటి వాతావరణాన్ని కొలవడం తేలిక కాదు. ‘మీవాడంటే మీకు విసుగా?’ అని అడిగితే ఎవరు అవునంటారు? అందుకని దక్షిణ లండన్‌లోని ఒక ప్రాంతం పేరుతో ‘కాంబర్‌వెల్ ఫ్యామిలీ ఇంటర్వ్యూ’ అనే పద్ధతి తయారైంది. రోగి పక్కన లేనప్పుడు ఇంటివాళ్లతో తీరిగ్గా మాట్లాడతారు. ఈ మూడు నెలల్లో ఏం జరిగింది, రోజు ఎలా గడిచింది, ఎవరు ఏ పని చేస్తున్నారు లాంటి మామూలు ప్రశ్నలే అడుగుతారు. ఆ సంభాషణనంతా రికార్డు చేసి, శిక్షణ పొందినవాళ్లు విని లెక్కగడతారు. వాళ్లు మాటల అర్థంతో పాటు గొంతు తీరునూ పట్టించుకుంటారు.

‘వాడు పది గంటలకు గానీ లేవడు’ అన్న వాక్యాన్నే తీసుకోండి. ఒక తల్లి దాన్ని సమాచారంగా చెబుతుంది. మరో తల్లి పళ్లు బిగించి చెబుతుంది. కాగితం మీద రెండూ ఒకటే, రికార్డులో మాత్రం రెండోది విమర్శగా లెక్కకు వస్తుంది. ఇలా ముఖ్యంగా మూడింటిని చూస్తారు. మొదటిది విమర్శ: ఫలానా పని మీద కోపం. రెండోది ద్వేషం: పనిని దాటి మనిషినే తిరస్కరించడం, ‘వీడు ఈ ఇంట్లో పుట్టకుండా ఉండాల్సింది’ అనేదాకా వెళ్లడం. మూడోది మితిమీరిన పట్టింపు: ముప్ఫై ఏళ్ల కొడుక్కి అన్నం కలిపి పెట్టడం, వాడిని వదిలి గడప దాటకపోవడం, ‘వాడికేం తెలీదండీ’ అని వాడి బదులు తానే జవాబు చెప్పడం. ఆప్యాయతనూ మెచ్చుకోలునూ విడిగా నమోదు చేస్తారు. మొదటి మూడింటిలో ఏ ఒక్కటి హద్దు దాటినా దాన్ని ‘ఎక్స్‌ప్రెస్డ్ ఎమోషన్’ ఎక్కువగా ఉన్న ఇల్లు అంటారు.

1972లో బ్రౌన్, జిమ్ బర్లీ, జాన్ వింగ్ 101 మంది రోగుల మీద ఈ కొలతను వాడి చూశారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన తొమ్మిది నెలల్లో, ఇలాంటి ఉద్వేగాలు ఎక్కువగా ఉన్న ఇళ్లలో 58 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. తక్కువగా ఉన్న ఇళ్లలో 16 శాతం మందికే తిరగబెట్టింది. 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ తమ ఫలితాలను వీటితో కలిపి చూసి ఇంకో రెండు అంశాలు జోడించారు. రోగి మందులు వాడుతున్నాడా అన్నది ఒకటి, ఆ ఇంటి మనిషితో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడుపుతున్నాడా అన్నది మరొకటి. విమర్శ ఎక్కువ, ఎదురుబడే గంటలు ఎక్కువ, మందు లేదు. ఈ మూడూ కలిసిన చోట తిరగబెట్టినవారు 92 శాతం. విమర్శ తక్కువగా ఉండి మందు వాడుతున్న చోట 12 శాతం.

అద్దె గది రహస్యం ఇక్కడ కొంత విడిపోయింది. ఇంటావిడకు ఆ మనిషి మీద పెద్ద ఆశలు లేవు, కాబట్టి పెద్ద నిరాశా లేదు. తల్లికి ఉన్నదంతా ఆశే. పైగా రోజంతా ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడపాలి.

ఇక్కడ ఎవరైనా అడగదగిన ప్రశ్న ఒకటుంది. జబ్బు ముదిరిన మనిషితో వేగలేకే ఇంటివాళ్లు విసుక్కుంటున్నారేమో, విసుగు జబ్బుకు కారణం కాకుండా ఫలితమే కావచ్చు కదా? కొంతవరకు అదీ నిజమే, ఈ ప్రవాహం రెండు వైపులా ఉంటుంది. అయితే ఒకవైపు మాత్రమే ఉందనడానికి వీల్లేదు. 1979లో నికలస్ టారియర్, మరికొందరు కలిసి రోగుల చర్మం మీద విద్యుత్ వాహకతను కొలిచారు. ఒళ్లు ఉద్రిక్తంగా ఉందో లేదో చెప్పే కొలత అది. పరీక్ష జరుగుతుండగా విమర్శ తక్కువగా ఉండే ఇంటి మనిషి గదిలోకి వస్తే రోగి ఒళ్లు క్రమంగా నెమ్మదించింది. విమర్శ ఎక్కువగా ఉండే మనిషి వస్తే ఆ ఉద్రిక్తత అలాగే నిలిచింది. పక్కన కూర్చున్న మనిషిని శరీరం ముందే పోల్చుకుంటోంది.

ఇది స్కిజోఫ్రెనియాకే పరిమితం కాదు. 1989లో జిల్ హూలీ, జాన్ టీస్‌డేల్ డిప్రెషన్ నుంచి కోలుకుంటున్నవారిని ఒకే ప్రశ్న అడిగారు: ‘మీ జీవిత భాగస్వామి మిమ్మల్ని ఎంతగా తప్పుపడతారు? ఒకటి నుంచి పది దాకా ఒక అంకె చెప్పండి’. జబ్బు ఎవరికి తిరగబెడుతుందో ముందే సూచించడంలో ఆ ఒక్క అంకె గంటల తరబడి సాగే ఇంటర్వ్యూకు తీసిపోలేదు.

‘కావాలనే చేస్తున్నాడు’

ఇంటివాళ్లకు దేనిమీద కోపం వస్తుందని వెతికితే మరో విశేషం బయటపడింది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని అరిచే మనిషిని ఇంటివాళ్లు పెద్దగా తప్పుపట్టరు. అది జబ్బని తెలిసిపోతూనే ఉంటుంది. గొడవంతా అరుపులు సద్దుమణిగాక మొదలవుతుంది. స్నానం చేయడు. పిలిస్తే పలకడు. ఇంటికి చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రాడు. తిని పడుకుంటాడు. ‘పిచ్చి తగ్గిపోయింది కదా, ఇంకేం రోగం? ఒళ్లు బద్ధకం’ అంటారు. అసలు సంగతేమిటంటే, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం, ముఖంలో భావం పలకకపోవడం, మాట తగ్గిపోవడం కూడా స్కిజోఫ్రెనియా లక్షణాలే. వైద్యులు వీటిని నెగటివ్ లక్షణాలంటారు. భ్రమల మీద, చెవిలో వినిపించే గొంతుల మీద పనిచేసినంత బాగా మందులు వీటిమీద పనిచేయవు. అందువల్ల చాలా ఇళ్లలో మందు గొంతులను అణచివేస్తుంది, మనిషి మాత్రం మంచం దిగడు. మందు పనిచేసింది కాబట్టి మిగిలినదంతా మనిషి తప్పేనని ఇంటివాళ్లు అనుకుంటారు.

1991లో క్రిస్ బ్రూయిన్, మరికొందరు ఇంటివాళ్ల మాటలను ఈ కోణంలో విశ్లేషించారు. ఎక్కువగా విమర్శించేవాళ్లు రోగి ప్రవర్తన వాడి అదుపులోనే ఉందని నమ్ముతున్నారు. ‘తలుచుకుంటే చేయగలడు, కావాలనే చేయడం లేదు’ అన్న నమ్మకమే విమర్శకు వేరు. మితిమీరి పట్టించుకునేవాళ్లు దీనికి పూర్తిగా ఎదురు చివర ఉంటారు. వాడి చేతిలో ఏమీ లేదు, అంతా నేనే చూసుకోవాలి అనుకుంటారు. ఈ రెండు చివర్ల మధ్య, ‘ఇంత మాత్రం చేయగలడు, ఇది మాత్రం ఇప్పుడు వాడివల్ల కాదు’ అని గుర్తుపట్టడమే అన్నిటికంటే కష్టమైన పని. డిప్రెషన్‌లో ఉన్న భార్య, ఓసీడీతో గంటసేపు చేతులు కడుక్కునే భర్త, మద్యానికి బానిసైన తండ్రి ఉన్న ఇళ్లలోనూ రోజూ సాగే వాదన ఈ హద్దు మీదే.

చండీగఢ్ చెప్పిన సంగతి

లండన్‌లో తేలిన సంగతి మన ఇళ్లకు వర్తిస్తుందా? దీన్ని పరీక్షించడానికి చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రికి చెందిన ఎన్.ఎన్. విగ్ బృందం లెఫ్‌తో కలిసి పనిచేసింది. 1987లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, చండీగఢ్ ప్రాంతపు బంధువుల్లో ఉద్వేగాల కొలత ఎక్కువగా ఉన్నవారు 23 శాతమే. అదే పద్ధతిలో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో కొలిస్తే సగానికి పైగా ఉన్నారు. చండీగఢ్ చుట్టుపక్కల పల్లెల్లో అది పట్నంలోకన్నా ఇంకా తక్కువ. రోగులు ఏడాదిలో ఎలా ఉన్నారో చూసినప్పుడు, జబ్బు తిరగబెట్టడంతో స్పష్టంగా ముడిపడింది ద్వేషం. కసిరినా నిలదీసినా ‘నువ్వు మావాడివే’ అనే భావం తెగనంతవరకు, విమర్శ అక్కడ లండన్‌లో చేసినంత చేటు చేయడం లేదన్నమాట. అమెరికాలోని మెక్సికన్ సంతతి కుటుంబాల్లో విమర్శకన్నా ఆప్యాయత లేమే జబ్బు తిరగబెట్టడంతో ముడిపడిందని తర్వాత మరో పరిశోధన చెప్పింది. ఇంటికి ఇంటి తీరు ఉన్నట్టే, ఏది మనసును గుచ్చుతుందన్నదానికీ ప్రాంతాన్ని బట్టి ఒక తీరు ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర మొదలుపెట్టిన బహుళ దేశాల అధ్యయనంలో ఆగ్రా ఒక కేంద్రం. 1970ల చివర మొదలైన తర్వాతి అధ్యయనంలో చండీగఢ్ ఉంది. ధనిక దేశాలకన్నా మన వంటి దేశాల్లో స్కిజోఫ్రెనియా రోగులు మెరుగ్గా కోలుకుంటున్నారని ఇవి చెప్పాయి. ఉమ్మడి కుటుంబంలో బరువు పదిమంది పంచుకోవడం, పొలంలో చేతనైనంత పని దొరకడం కారణాలు కావచ్చని అనుకున్నారు. ఆ నిర్ధారణ అంత సూటిగా లేదని, ఇక్కడా ఫలితాలు చోటునుబట్టి మారుతున్నాయని తర్వాతివాళ్లు వాదించారు. ఆ వాదన ఎటు తేలినా, మన వైద్యులు కొందరు అంతకుముందే ఒక పని చేసి చూపించారు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతో పాటు వాళ్ల బంధువులనూ ఉండనిచ్చారు. రోగం గురించి అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. వేలూరు సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగి వెంట ఇంటివాళ్లు ఉండడం చికిత్సలో భాగమైంది. పాశ్చాత్య ఆసుపత్రులు కుటుంబాన్ని గేటు బయట నిలబెట్టిన కాలం అది.

బరువు ఎవరి మీద?

కుటుంబం గొప్పదని పొగిడి ఊరుకుంటే ఒక నిజం మరుగున పడుతుంది. ఆ కుటుంబంలో ఈ పని చేసేది ఎక్కువగా ఒక్క మనిషి, చాలాసార్లు తల్లో భార్యో. 1981లో బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన శైలా పాయ్, ఆర్.ఎల్. కపూర్ ఇంటివాళ్ల భారాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. డబ్బు, రోజువారీ పనులు, విశ్రాంతి, ఇంట్లోవాళ్ల మధ్య సంబంధాలు, మిగిలినవారి ఒంటి ఆరోగ్యం, వారి మనసు ఆరోగ్యం, ఇలా ఆరు కోణాలు అందులో ఉన్నాయి. ఆ ప్రశ్నావళి మన దేశంలో ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఆ ఆరు కోణాలను తెలుగిళ్లలో వినిపించే మాటల్లోనే చెప్పొచ్చు. ‘ఉన్న ఎకరం అమ్మేశాం’. ‘పెళ్లికి వెళ్లి ఎన్నేళ్లయిందో’. ‘అన్నకిలా ఉందని తెలిస్తే చెల్లికి సంబంధాలొస్తాయా?’. ‘నాకే బీపీ వచ్చింది’. అన్నిటికన్నా బరువైనది, వయసు మీదపడిన తల్లిదండ్రులు అడిగే ‘మా తర్వాత వీడికెవరు?’ అన్న మాట. దీనికితోడు మరో రకం దుఃఖం ఉంది. కొడుకు ఎదురుగానే ఉన్నాడు, కానీ ఇంజనీరింగ్ చదివి నవ్వుతూ తిరిగిన ఆ కొడుకు లేడు. పోయినవాళ్ల కోసం ఏడవడానికి మనకు పదోరోజూ, సంవత్సరీకమూ ఉన్నాయి. కళ్లముందే ఉన్న మనిషి కోసం ఏడవడానికి ఏ తంతూ లేదు. అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ దీన్ని ‘యాంబిగ్యుయస్ లాస్’ అన్నారు. పోయారో ఉన్నారో తేల్చుకోలేని నష్టమది. ఈ దుఃఖమే చాలాసార్లు కోపం వేషంలో బయటికొస్తుంది. రికార్డులో విమర్శగా లెక్కకెక్కే గొంతు వెనుక తరచూ ఉండేది ఇదే.

పెళ్లి విషయంలో మనవాళ్లు చేసే పని ఈ బరువును ఇంకో ఇంటి మీద దించేస్తుంది. ‘పెళ్లి చేస్తే అంతా కుదురుకుంటుంది’ అని జబ్బు దాచి పెళ్లి చేస్తారు. జబ్బున్న అమ్మాయి అయితే, కొత్త కోడలిగా అత్తింటివాళ్ల ముందు మాత్రలు మింగడం ఎలాగో తెలియక మానేస్తుంది. నిద్ర లేని రాత్రులు తోడవుతాయి. జబ్బు తిరగబెడుతుంది. చెన్నైలో శారదా మేనన్ 1984లో స్థాపించిన ‘స్కార్ఫ్’ సంస్థ పరిశోధకులు, స్కిజోఫ్రెనియా వచ్చి భర్త వదిలేసిన స్త్రీల మీద అధ్యయనం చేశారు. వాళ్లు తిరిగి చేరింది వృద్ధులైన తల్లిదండ్రుల దగ్గరికే. భర్తకు జబ్బు చేస్తే భార్య మోయాలని ఎదురుచూసే సమాజం, భార్యకు జబ్బు చేస్తే పుట్టింటివైపు చూస్తుంది.

చట్టం మాత్రం ఇందులో కొంత తేటగా ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో భార్యకు స్కిజోఫ్రెనియా ఉందని భర్త విడాకులు కోరాడు. కింది కోర్టు ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది. 2013లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే సమర్థించింది. జబ్బు ఉండడమే విడాకులకు చాలదని, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రత నిరూపించాలని, చికిత్సతో అదుపులో ఉండే జబ్బును ఆ గాటన కట్టడం కుదరదని చెప్పింది.

ఇంటికీ చికిత్స

ఇంట్లోని ఉద్వేగాలు జబ్బును నడిపిస్తున్నాయా లేదా అన్న ప్రశ్నకు గట్టి జవాబు, వాటిని మార్చి చూడడం. లెఫ్ బృందం 1982లో ప్రచురించిన ప్రయోగంలో 24 కుటుంబాలు ఉన్నాయి. అన్నీ విమర్శో మితిమీరిన పట్టింపో ఎక్కువగా ఉన్నవి. రోగులందరికీ మందులు ఇచ్చారు. సగం ఇళ్లకు అదనంగా జబ్బు గురించి పాఠాలు చెప్పారు, విసుగు లేకుండా నెగ్గుకొస్తున్న ఇళ్లవాళ్లతో కలిపి కూర్చోబెట్టారు, ఇంటికి వెళ్లి మాట్లాడారు. తొమ్మిది నెలల తర్వాత, మందు మాత్రమే దొరికిన చోట 50 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఇంటికీ సాయం అందిన చోట 9 శాతం మందికి. చిన్న ప్రయోగమే కానీ, ఆ తర్వాత అనేక దేశాల్లో జరిగిన పెద్ద ప్రయోగాలూ అదే దిశను చూపాయి.

ఈ చికిత్సలో మాయామర్మం లేదు. బద్ధకం జబ్బులో భాగమని చెబుతారు. ‘ఎప్పుడూ ఇంతే’ అనడానికి బదులు ‘ఈ బట్టలు మడతపెట్టి ఇస్తావా?’ అని చిన్న పని ఒకటి అడగమంటారు, చేస్తే ఆ మాట పైకి చెప్పమంటారు. భ్రమ గురించి నిజమా అబద్ధమా అని వాదించకుండా, ‘నీకు భయంగా ఉంది కదా’ అని ఆ భయానికి జవాబివ్వమంటారు. వరసగా నిద్ర తగ్గడం, అనుమానం పెరగడం లాంటి ముందస్తు గుర్తులను అందరూ కలిసి రాసిపెట్టుకోమంటారు. చూసుకునే మనిషికి రోజూ కొన్ని గంటలైనా ఇల్లు దాటే వీలు కల్పించమంటారు. ఇది వాళ్లమీద జాలితో చెప్పే మాట కాదు. 35 గంటల లెక్క గుర్తుంటే, ఆ సెలవు రోగికి ఎంత అవసరమో తెలుస్తుంది. కొట్టినా, ప్రాణం తీసుకుంటానన్నా సహనం పేరుతో ఊరుకోకుండా వెంటనే వైద్య సాయం తీసుకోవాలని కూడా చెబుతారు.

2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బునుబట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. చికిత్స అందినవాళ్లకూ దక్కేది ఎక్కువగా మందుల చీటీయే. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనో విశాఖలోనో ఓపీ వరుసలో పొద్దుటి నుంచి నిలబడ్డ తల్లికి డాక్టరు ముందు దొరికేది కొద్ది నిమిషాలు, అవి కూడా ‘మందులు వేసుకుంటున్నాడా?’ అన్న ప్రశ్నతో అయిపోతాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ 14416 నంబరుకు రోగులే కాక, వాళ్లను చూసుకునేవాళ్లూ ఏ వేళనైనా, ఉచితంగా, తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. ఇది మంచి మొదలే గానీ, ఫోను ఒక్కటీ చాలదు.

జబ్బు అదుపులో ఉండాలంటే ఇంటివాళ్లకు జబ్బు గురించి తెలియాలని, వాళ్లకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండాలని ఇన్ని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. అది చేయగలిగింది కొత్త మాత్ర కాదు, శిక్షణ పొందిన ఒక సోషల్ వర్కర్, ఒక గది, వారానికో గంట. జిల్లా ఆసుపత్రుల్లో మందుల బడ్జెట్ వేసేటప్పుడు దీన్నీ ఒక పద్దుగా రాయాలి. అందాకా, వచ్చేసారి ఓపీకి వెళ్లే ఇంటివాళ్లు డాక్టరును ఒక ప్రశ్న అడగవచ్చు: ‘ఇందులో జబ్బు వల్ల వచ్చినవేవి, వాడు చేయగలిగినవేవి?’ ఆ జవాబు తెలిసిన ఇంట్లో సగం గొడవలు మొదలే కావు.